మేస్త్రి మావ కుట్టిన మంచు బూట్లు

మా మేస్త్రి మావ పోయాడని మొన్న కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను చెన్నై దగ్గర మా బూట్ల ఫ్యాక్టరీలో ఉన్నాను. సాలూరు నుంచి అత్త మాట్లాడింది. "మీ మావ ఎల్లిపోనాడే. అన్నం తిన్నాడు, సెయ్యి కడుక్కున్నాడు, కొట్టుకాడికెల్లి కూకున్నాడు. అంతే" అంది. వెంటనే ఏడుపు రాలేదు నాకు. ఈ రోజు ఆయన ఫోన్ చెయ్యలేదేమిటా అని అప్పటికే రెండు మూడు సార్లు అనుకున్నాను. వినాయక చవితి వెళ్ళినప్పటి నుంచి ఆయన రోజూ ఒక్క సంగతి అడగడానికే ఫోన్ చేసేవాడు. "ఏటే గుంటా, ఆడ మంచు పడిందేటి?"

ఆ 'ఆడ' అంటే ఆస్ట్రియా. సాలూరు ఉక్కపోతలో బనీను తడిసిపోతుంటే, చెప్పులు కుట్టే ఒక పెద్దాయన ఆస్ట్రియా కొండల మీద మంచు పడిందా లేదా అని ఎందుకు ఆరా తీసేవాడో చెప్పాలి. చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

మావ అన్నానే గానీ చుట్టరికం లేదు. మా వీధి చివర, లారీ స్టాండుకు వెళ్ళే దారిలో ఆయన కొట్టు. ఊరికంతా మేస్త్రి, మా వీధిలో పుట్టిన వాళ్ళందరికీ మేస్త్రి మావ. ఒడిశా ఘాట్ రోడ్డు ఎక్కే లారీ డ్రైవర్లు ఆయనకి ముఖ్యమైన బేరం. ఏళ్ళ తరబడి క్లచ్చు తొక్కి తొక్కి చీలమండలు పాడైపోయిన పాత డ్రైవర్లకి, పాదం పైదాకా వచ్చే తోలు బూట్లు కుట్టేవాడు. కొలత తీసుకునే ముందు ఎంతటి వాడినైనా నేల మీద గొంతుక్కూర్చోమనేవాడు. పేంటు బిగుతుగా ఉందని నసిగితే ఊరుకునేవాడు కాదు. "నిలబెట్టి కొలిస్తే నిలబడ్డానికే పనికొస్తాది. నువ్వు బండెక్కి నిలబడతావేటి?" అనేవాడు.

మనుషుల మొహాలు మరిచిపోయేవాడు గానీ కాళ్ళు మరిచిపోయేవాడు కాదు. ఒకసారి మా రెండిళ్ళ వాళ్ళం కలిసి రామతీర్థం వెళ్ళాం. కొండ మెట్లు సగం ఎక్కాక మావ కనిపించలేదు. చూస్తే కింద ఒక మెట్టు మీద కూర్చుని, దిగేవాళ్ళ మడమలు ఎలా ఆనుతున్నాయో చూస్తున్నాడు. దర్శనమయ్యి మేం తిరిగొచ్చినా అక్కడే ఉన్నాడు. "దేవుణ్ణి సూడ్డానికొచ్చి జనాల కాళ్ళు సూస్తాడు, ఈ మనిషితో ఎలగేగేది నాను?" అని అత్త దారి పొడుగునా సాధించింది. ఆయన వింటేనా? దిగేటప్పుడు ముసలివాళ్ళు పాదం పక్కకి తిప్పి ఎందుకు దిగుతారో నాకు వివరిస్తూ బస్సు దాకా వచ్చాడు.

చదువు అయ్యాక నేను బూట్లు డిజైన్ చేసే ఉద్యోగంలో చేరాను. అదేదో ఆయన్ని చూసి నేర్చుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ నిజం కాదు. అప్పటికి ఆయన నాకు చెప్పులు తెగితే గుర్తొచ్చే మనిషి, అంతే. రెండేళ్ళ కిందట మా ఫ్యాక్టరీకి స్నోబోర్డు బూట్ల పని వచ్చాక గానీ ఆయన విలువ నాకు తెలియలేదు.

స్నోబోర్డు అంటే మంచు మీద జారే పొడుగాటి పలక. దాని మీద అడ్డంగా నిలబడి, రెండు పాదాలూ పట్టీలతో బిగించుకుని, మోకాళ్ళు వంచి కొండ మీద నుంచి జారిపోతారు. ఆ బూటుతో ఒక చిక్కుంది. పాదాన్ని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే పలక మాట వినదు. చీలమండ మాత్రం ముందుకి వంగాలి, లేకపోతే మనిషి మోకాళ్ళు వంచలేడు. గట్టిగా చేస్తే పిండికట్టు వేసినట్టుంటుంది. మెత్తగా చేస్తే పాదం లోపల ఈత కొడుతుంది. నేను చేసిన నాలుగు నమూనాలు ఏదో ఒక వైపు చెడ్డాయి. తల ప్రాణం తోకకొచ్చి, సెలవు పెట్టి, ఒక బూటు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను.

మావ దాన్ని చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశాడు. "ఇది బూటా, బిందా?" అన్నాడు. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. మంచు మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా? కాలు దిగబడుతుందా? ఇసకలాగా జారుతుందా, ఊకలాగా జారుతుందా? రెండు మూడింటికి ఏదో చెప్పి, చివరికి ఒప్పేసుకున్నాను. "నాకేం తెలుసు మావా, నేనూ ఎప్పుడూ చూడలేదు."

ఆయన తోలు కుట్టే ఆరె పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు. "సూడని దానికి బూటు సేస్తన్నావేటే! పద, ఊక మీద సూద్దాం."

ఆయన అల్లుడు నరసన్నపేటలో రైస్ మిల్లులో పనిచేస్తాడు. మిల్లు వెనక రెండంతస్తుల ఎత్తు ఊక కుప్ప ఉంది. ప్లైవుడ్ పలకకి అడుగున కొవ్వొత్తి రుద్ది, పైన లారీ ట్యూబు పట్టీలు బిగించి, ఆ కుప్ప ఎక్కాం. మిల్లు వాళ్ళు పని ఆపి మరీ చుట్టూ చేరారు. "ఏటి మేస్త్రీ, ఈ వయసులో జారుడుబల్లేటి?" అని ఒకాయన అడిగాడు. "ఇది పరీచ్చ. నువ్వు పక్కకి తప్పుకో" అన్నాడు మావ చాలా గంభీరంగా.

నేను పది అడుగులు జారి మొహాన పడ్డాను. నోట్లో, ముక్కులో, జడలో అంతా ఊక. కింద నుంచి మావ దెబ్బ తగిలిందా అని అడిగితే ఒట్టు. "మడమ లేసిందా?" అని కేకేశాడు. లేచిందని చెప్పాను. అక్కడే కూర్చుని బూటు విప్పాడు. మడమకి రెండు పక్కలా పాత కంబళి ముక్కలు మడిచి కుట్టాడు. చీలమండ ముందు తోలు కోసి, మడతలు పెట్టి, వంగేలా చేశాడు. "మడమని కట్టీయాల, సీలమండని ఒగ్గీయాల. అంతేనే" అన్నాడు. సాయంత్రానికి నేను పడకుండా కిందిదాకా వచ్చాను. ఆయనా ఒకసారి ఎక్కాడు. నాలుగడుగులు జారి, పలక మీదే సుబ్బరంగా గొంతుక్కూర్చుని, చంటిపిల్లాడిలా నవ్వాడు. మూడు రోజులు ఒళ్ళంతా దురద. అంత సంతోషంగా నేను ఎప్పుడూ గోక్కోలేదు.

ఆ లెక్క ప్రకారం ఫ్యాక్టరీలో మూడు జతలు చేయించి, బూట్లు వేసుకుని పరీక్షించే ఒక అమ్మాయికి ఆస్ట్రియా పంపాం. ఇరవై రోజులకి మెయిల్ వచ్చింది. చిన్న గెంతు గెంతి దిగినప్పుడు ఆమె ఎడమ చీలమండ లోపల లిగమెంటు చిరిగింది. కొన్ని నెలల పాటు నడకే కష్టం.

మా ఆఫీసులో నివేదిక తయారైపోయింది. దిగడంలో ఆ అమ్మాయి పొరపాటు చేసిందని అందులో ఉంది. కింద నా సంతకం కావాలి. బూటుదే తప్పని తేలితే ఈ పని నా చేతిలో ఉండదు, బహుశా ఉద్యోగమూ ఉండదు. సంతకం పెట్టేద్దామనే అనుకున్నానని ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది. మావకి ఫోన్ చేసి చెప్పాను, ఆయన కూడా ఔనంటాడని. ఆయన మాత్రం "ఆ పిల్లతో నువ్వు మాటాడినావా?" అన్నాడు. లేదన్నాను. "మరి తప్పు ఎవులిదో నీకెలగ తెలిసింది?"

ఆ వారమే సాలూరు వెళ్ళి, ఆయన కొట్టులోంచే ఆమెకి వీడియో కాల్ చేశాను. పాతికేళ్ళుంటాయేమో. సోఫాలో కాలు దిండు మీద పెట్టుకుని ఉంది. వెనక వాళ్ళ నాన్న టీ కలుపుకుంటున్నాడు. మావ పలకరింపులేమీ లేకుండా, ఫోన్ ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "దెబ్బ తగలకముందు ఇలగ కూకునేదా, అడుగు" అన్నాడు. నేను ఇంగ్లీషులో అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, తన జన్మలో ఎప్పుడూ అలా కూర్చోలేదంది. వాళ్ళ నాన్న కప్పు పక్కన పెట్టి, నేను కూర్చుంటానని ముందుకొచ్చాడు. సగం దిగాడో లేదో మడమలు లేచిపోయాయి. మడమలు ఆన్చబోయి వెనక్కి వెల్లకిలా పడ్డాడు. అక్కడ వాళ్ళిద్దరూ, ఇక్కడ నేనూ ఒకటే నవ్వు.

మావ మాత్రం నవ్వలేదు. "మల్లీ సెయ్యమను" అన్నాడు. పాపం ఆ పెద్దమనిషి మూడుసార్లు పడ్డాడు. మావ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆల్లకి సిన్నప్పట్నుంచీ కుర్సీలేనేటి?" అని అడిగాడు, నన్నో తనని తనో తెలియకుండా.

అప్పుడు నాకు వెలిగింది. మడమ లేవకుండా బిగించాం, చీలమండని ముందుకి ఎంతైనా వంగనిచ్చాం. మొక్కలు నాటినా, పళ్ళు తోముకున్నా, కబుర్లు చెప్పుకున్నా గొంతుక్కూర్చునే జనం మేం. మా చీలమండలకి ఆ వంపు ఒక లెక్క కాదు. ఆమె చీలమండ అంతదూరం వెళ్ళలేదు. ఆపాల్సిన చోట మా బూటు ఆపలేదు.

"మన కాళ్ళకి కుట్టీసి ఆ పిల్లకి తొడిగీసినాం. తప్పు మనదేనని రాయి" అన్నాడు మావ.

"ఉద్యోగం పోతుంది మావా."

"పోతే ఇంకోటి సూసుకుంటావు. ఆ పిల్ల ఇంకో కాలు సూసుకోగలదేటి?"

నాకు కోపం వచ్చింది. కొట్టులో కూర్చుని చెప్పడం తేలికేనని మనసులో అనుకున్నాను కూడా. కానీ మర్నాడు ఆయన చెప్పినట్టే రాశాను. మా మేనేజరు వారం రోజులు నా వంక చూడలేదు. చివరికి ఒక్క అవకాశం ఇచ్చారు. బూటు సరిచేసి, వచ్చే చలికాలం అదే అమ్మాయి చేత పరీక్ష చేయించాలి. ఆమె వేసుకోనన్నా, బూటు మళ్ళీ చెడ్డా అంతటితో సరి. కాలు నయమైందని డాక్టరు చెప్పినా, పలక ఎక్కాలంటే ఆ అమ్మాయికి భయం పట్టుకుంది. ఆ ముసలాయన తన కాలికి కుడితే మాత్రం వేసుకుంటానంది. ఆ మాట విన్నప్పటి నుంచి మావకి ఇంకో ధ్యాస లేదు.

వేసవంతా కూర్చున్నాడు. తాళ్ళ కింద ఉండే బూటు నాలుక లోపల సన్నటి జేబు కుట్టాడు. నీళ్ళ డ్రమ్ము ప్లాస్టిక్కుని మూడు మందాల్లో బద్దలుగా కోశాడు. ఎవరి చీలమండ ఎంత వంగుతుందో చూసుకుని, వాళ్ళకి సరిపడే బద్ద ఆ జేబులో దూర్చుకోవాలి. బద్ద గట్టిదైతే బూటు తొందరగా ఆపుతుంది, మెత్తదైతే ఇంకాస్త వంగనిస్తుంది. ఆయన కుట్టినదాన్ని చేతిలోకి తీసుకుని, ఇంత చిన్న సంగతి కోసం నేను కంప్యూటరు ముందు ఏడాది కూర్చున్నానా అనుకున్నాను. "కాలు ఎవులిదో తెలీకుండా బూటు ఎంత మెత్తగుండాలో నువ్వెలగ సెప్తావే?" అన్నాడు. ఆ మాట ఇప్పుడు నా బల్ల ఎదురుగా గోడ మీద రాసి ఉంది.

చవితి వెళ్ళిన మర్నాడు బూట్లు పంపాం. ఇక ఆయనకి మంచు బెంగ పట్టుకుంది. ఆ అమ్మాయి ఊరి కొండని ఇరవైనాలుగు గంటలూ చూపించే కెమెరా ఒకటి ఉందని తెలిసి, ఫోన్లో పెట్టించుకున్నాడు. "ఇంకా గడ్డే ఉన్నాదే. ఆవులు మేస్తన్నాయి. మెడకి గంటలు, మన ఆవులకి మల్లేనే" అని ఓ రోజు. "ఇయ్యాల మబ్బేసినాది, పడతాదేటి?" అని ఇంకో రోజు. ఆ అమ్మాయి కూడా నన్ను అడిగి మావా అనడం నేర్చుకుంది. ఆయన భాష ఆమెకి రాదు, ఆమె భాష ఆయనకి రాదు. అయినా నేను లేకుండానే వీడియోలో కాళ్ళు చూపించుకునేవాళ్ళు. ఈ ఏడు మంచు ఆలస్యమైంది. ఆయన పోయిన రోజుకి ఆ కొండ మీద ఇంకా ఆవులే ఉన్నాయి.

ఆయన లేడన్న కబురు ఆ అమ్మాయికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ బూట్లు తొడుక్కుని భయం భయంగా కొండ ఎక్కబోయే మనిషికి ఎలా చెప్పను? రేపు, రేపు అనుకుంటూ ఉండిపోయాను.

పన్నెండో రోజు సాలూరులో భోజనాలు వడ్డిస్తుంటే ఫోన్లో వీడియో వచ్చింది. గరిటె ఎవరికో ఇచ్చేసి అత్తని పక్క గదిలోకి తీసుకెళ్ళాను. మొదట అంతా తెలుపే, కంటికి ఏదీ ఆనలేదు. తర్వాత పైనుంచి ఒక ఎర్రకోటు వంకర్లు తిరుగుతూ దిగింది. నా కళ్ళు ఆమె ఎడమ కాలినే పట్టుకున్నాయి. మధ్యలో చిన్న గట్టు వచ్చింది. గెంతింది. దిగింది. మోకాళ్ళు ఎంత వంగాలో అంతే వంగి ఆగాయి.

"ఆ పిల్లేనేటే? పడిపోనేదు కదా?" అంది అత్త.

"లేదత్తా."

ఆ అమ్మాయి జారి వచ్చి కెమెరా ముందే మంచులో కూలబడింది. ఊపిరి ఆడక నవ్వుతోంది. ఎడమ బూటు తాళ్ళు విప్పింది. బూటు లాగేసింది, మేజోడు లాగేసింది. చలికి ఎర్రబడ్డ ఉత్త పాదాన్ని కెమెరాకి దగ్గరగా పెట్టి, చీలమండని ఒక వైపు నెమ్మదిగా తిప్పింది, మళ్ళీ రెండో వైపు తిప్పింది. "మావా," అంది, "సూడు."

అత్త వేలు చాచి ఫోన్ మీద ఆ పాదాన్ని ముట్టుకుంది. అంటుకున్న మంచు పలుకులు రాలిపోతుంటే, ఆ చీలమండ మా ఇద్దరి ముందూ ఇంకా తిరుగుతూనే ఉంది.