గురువమ్మ పిండిమర మీద బ్యాంకు తాళం

సెమిలిగుడ జంక్షన్‌లో పిండిమర నడిపే గురువమ్మ ఒక బ్యాంకుని బ్యాంకుగానే మరలో పోసి, మెత్తగా ఆడించి, జల్లెడ పట్టి, పొట్టు వేరు పిండి వేరు మూటలు కట్టి కటక్ పంపించింది. ఇది అబద్ధమనేవాళ్ళు రెండే రకాలు. ఆ బ్యాంకులో జీతం తీసుకునేవాళ్ళు, గురువమ్మ మరలో ఇంతవరకూ మిరపకాయలు ఆడించనివాళ్ళు.

నందపూర్ కొండల మీంచి చోళ్ళ మూటలు, అదే రాగుల మూటలు, దిగేది ఆవిడ మర ముందే. అక్కడొక పద్ధతుంది. పొడుగాటి చీటీ మధ్యలో నంబరు అడ్డంగా రాస్తుంది. ఆ నంబరు మీదుగానే చీటీని రెండుగా చింపుతుంది. ఒక ముక్క మూట మెడకి, ఒక ముక్క మనిషి చేతికి. రెండు ముక్కలూ అతికితేనే పిండి. మొగుడు బతికున్న రోజుల్లో ఆయన సొంత ఇంటి బియ్యం తెచ్చినా చీటీ లేదని వెనక్కి పంపిందట. ఆయన ఆ పూట హోటల్లో తిన్నాడని జంక్షనంతా చెబుతుంది.

కొత్త మర కోసం మర ఉన్న స్థలాన్నే బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తీసుకుంది. మర వచ్చింది, నెల తిరక్కుండా మోటారు కాలింది. అది బాగై వచ్చేసరికి వాయిదాలు మూడు నెలలు దాటిపోయాయి. అప్పుడు దిగింది బ్యాంకు నోటీసు: అరవై రోజుల్లో మొత్తం కట్టు, లేదా మర మాది.

మర పోతే ఆవిడకి ఇంకేమీ లేదు. పైగా చోళ్ళు దిగే కాలం. ఒక్క పంటకాలం మర తలుపు మూసుంటే చాలు, మూటలన్నీ బస్టాండు వెనకున్న ఇంకో మరకి అలవాటు పడిపోతాయి.

జయపురం కోర్టులో ప్రాక్టీసు పెట్టిన భారతి పసుపు ఆడించడానికి వచ్చి ఆ నోటీసు చదివింది.

“ఊరుకోకు పిన్నీ. నీ అభ్యంతరం ఏటో కాయితం మీద రాసి ఇయ్యి. పదిహేను రోజుల్లో ఆళ్ళు జవాబు సెప్పి తీరాల. ఒప్పుకోకపోతే ఎందుకొప్పుకోరో రాయాల.”

గురువమ్మ రాసింది. కట్టిన రెండు వాయిదాలు లెక్కలోకి రాలేదని, మోటారు కాలిందని, ఇప్పుడు తిరుగుతోందని, ఆరు నెలలు గడువు కావాలని. మర పేరు అచ్చేసిన పొడుగు కాగితం మీదే, పైన ఒకసారి, కింద ఒకసారి, అక్షరం తేడా లేకుండా. బ్యాంకుకి పట్టుకెళ్ళి, ముద్ర సరిగ్గా నడిమధ్యన వెయ్యమంది. అటెండరు సోములు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అలాంటి కోరిక వినలేదు. అయినా వేసి, తేదీ రాశాడు. ఆవిడ ముద్ర మీదుగా చర్రున చింపి, పై ముక్క ఆఫీసరు సౌమ్యరంజన్ బల్ల మీద పెట్టి, కింది ముక్క కొంగున ముడేసుకుని వచ్చేసింది.

సౌమ్యరంజన్ మంచివాడే. ఆ పొద్దున్నే గురువమ్మ మరలో గోధుమలు ఇచ్చి, చీటీ తీసుకోవడం మరిచి వచ్చాడు. మర పేరు, చిరిగిన అంచు చూసి, తను మౌసీ అని పిలిచే గురువమ్మ పిండి చీటీ తెచ్చి ఇచ్చిందని సంబరపడి దాన్ని క్యారేజీ సంచిలో పడేశాడు. ఒక ఆఫీసరు చట్టాన్ని క్యారేజీ సంచిలో ఇంటికి తీసుకుపోవడం దేశంలో అదే మొదటిసారి అయ్యుండాలి.

పదిహేను రోజులు గడిచాయి, జవాబు లేదు. అరవై గడిచాయి, బ్యాంకు వచ్చింది. జీపు దిగేసరికి మర మిరపకాయల మీదుంది. లోపలికొచ్చిన నలుగురూ తుమ్మడం మొదలెట్టారు. ఆ తుమ్ములకి పక్కూరు సునాబెడలో ఇళ్ళ కిటికీలు వాటంతటవే మూసుకున్నాయి. తుమ్ముతూనే స్వాధీనం నోటీసు అంటించారు, తుమ్ముతూనే తాళం వేశారు, లక్క మీద సీలు వేసేటప్పుడు ఒకాయన తుమ్మితే అది పక్క టైర్ల కొట్టు గోడ మీద పడింది.

జంక్షన్‌లో తలకో సలహా. పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు కొందరు. సివిల్ కోర్టని ఒకరు, గునపంతో తాళం పగలగొడితే పనైపోతుందని ఇంకొకరు. గురువమ్మ గునపం తెప్పించింది కూడా. భారతి వచ్చి అది చేతిలోంచి లాక్కుంది.

“తాళం ముట్టుకున్నావంటే కేసు నీ మీదికే తిరుగుద్ది. సివిల్ కోర్టు దీన్ని ముట్టుకోదు. కటక్‌లో అప్పుల ట్రిబ్యునలుంది. ఈ రోజు నుంచి నలభై అయిదు రోజుల్లోపల అక్కడ దరఖాస్తు పడాల.”

“ముందు బాకీ కట్టమంటారేటి అమ్మీ?”

“లేదు. ఫీజు కడితే సాలు. అక్కడ ఓడి పైకెళ్తేనే డిపాజిట్టు అడుగుతారు.”

పదకొండో రోజుకే రైలెక్కారు. రాయగడ వచ్చేసరికి బోగీలో సగం మందికి కేసు కంఠతా వచ్చేసింది. మిగతా సగం మంది భారతిని పక్కకి జరగమని వాదన మొదలెట్టేశారు.

ట్రిబ్యునల్లో బ్యాంకు వకీలు లేచి, ఈవిడ అభ్యంతరమే ఇవ్వలేదన్నాడు. గురువమ్మ కొంగు ముడి విప్పింది. సగం ముద్ర, తేదీ. సగం ముద్రకి చెల్లుబాటు ఏమిటని వకీలు నవ్వాడు. మిగతా సగం బ్యాంకులోనే ఉండాలి, వెతికి తెమ్మని ట్రిబ్యునలు అధికారి వాయిదా వేశారు.

సౌమ్యరంజన్ బ్యాంకు బీరువాలన్నీ తిరగేశాడు. చివరికి ఇంట్లో అతని భార్య సోని పిండి డబ్బా అడుగున పరిచిన కాగితం తీసి చేతికిచ్చింది. ఇంకొకడైతే పొయ్యిలో పెట్టేవాడు. అతను పిండి దులిపి కటక్ పట్టుకెళ్ళి, సిగ్గుపడుతూ బల్ల మీద పెట్టాడు. అధికారి రెండు ముక్కలూ చేర్చారు. ముద్ర గుండ్రంగా కలిసింది. హాలంతా లేచి నిలబడిందనీ, బ్యాంకు వకీలే ముందు చప్పట్లు కొట్టాడనీ, తిరుగు రైలు డ్రైవరు కొరాపుట్ దాకా కూత ఆపలేదనీ చెప్పుకుంటారు.

అభ్యంతరానికి జవాబివ్వకుండా వేసిన తాళం చెల్లదని, మర తిరిగి అప్పగించమని మూడో వాయిదాకి ఉత్తర్వు వచ్చింది. తాళం తీసిన రోజు జంక్షన్‌లో లారీలు ఆగాయి. మూటల వరస పోలీస్ స్టేషను దాటింది. గురువమ్మ దెబ్బకి బ్యాంకు అప్పు కొట్టేసిందని, మేనేజరే కొబ్బరికాయ కొట్టి మర తిప్పాడని వరసలో ఉన్నవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటుంటే, ఆవిడ చీటీ చింపడం ఆపి తలెత్తింది.

“అప్పు ఎవులూ కొట్టెయ్యలేదు. మేనేజరు రానేలేదు. నా కాయితానికి జవాబియ్యలేదని తాళం తీయించేరు, అంతే. ఆళ్ళు మళ్ళీ మొదట్నించి నోటీసియ్యొచ్చు. అందుకే నెలనెలా కడతన్నాను.”