యాదయ్య కంచం మీద నా కన్ను

మా చిన్నప్పుడు బొంబాయి కామాటిపురలో వానలు మొదలయ్యాయంటే మేస్త్రీ పనులు ఆగిపోయేవి... పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కూలీల పొయ్యిలూ ఆరిపోయేవి. అప్పుడు మా చాల్‌లో, అంటే మా వరస గదుల మేడలో, వంతులు పడేవి. రోజుకో ఇల్లు వాళ్ళకు అన్నం పెట్టాలి.

అలా ఒక వానాకాలం మా మెట్ల కింద ఓ కుటుంబం దిగింది. వాళ్ళ కొడుకు యాదయ్య, నా ఈడువాడు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మంట!

ఎందుకంటారా... వంతు వచ్చిన ఇల్లాలికి పంతం కూడా వచ్చేది. నిన్న పక్కింట్లో పుంటికూర పప్పు పెట్టారంటే, ఇవాళ ఈవిడ చేపల పులుసు దించాల్సిందే. మాకేమో మా వంతు రోజు తప్ప ఎప్పుడూ పచ్చిపులుసే... వాడికి మాత్రం రోజూ పండగ.

ఓ రోజు నర్సమ్మత్త వంతు. బోటి కూర వాసన గదుల ముందు గ్యాలరీ అంతా తిరుగుతోంది. నేను జుట్టు చెదరగొట్టుకొని, అంగీకి ఇంత మసి పూసుకొని, కంచం పట్టుకొని యాదయ్య వెనక నిలబడ్డాను.

"వీడెవడురా యాదిగా?" అంది అత్త.

నేను గిల్లితే, "మా తమ్ముడు" అన్నాడు.

"గట్లనా! అచ్చం మన బాలమణి కొడుకు లెక్కనే ఉన్నడు. గా కోతి మొకం ఇంకోనికి కూడ వచ్చిందా, పాపం!"

బాలమణి అంటే మా అమ్మే. తిట్టింది తిడుతూనే నాకూ నిండుగా వడ్డించింది.

తిని మెట్ల మీద కూర్చున్నాం. కుళ్ళు ఆపుకోలేక అనేశాను... "నీదే మజా భాయ్, దినాం దావతే!"

వాడు వేళ్ళు నాకుతూ అన్నాడు. "ఇంకింత పెట్టుమని అడగనీకి నోరు రాదురా. సగం కడుపుతోనే లేస్త. నువ్వైతే మీ అమ్మ మీద అలుగుతవ్, కంచం ఇసిరేస్తవ్... నేనెవల మీద అలగాలె?"

వాడు కూడా నన్ను చూసి కుళ్ళుకుంటాడని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఇప్పుడు అదే గల్లీలో యాదయ్య వంటశాల నడుపుతున్నాడు. నాగ్‌పాడా బజార్లో మిగిలిన కూరగాయలు బండి మీద తెస్తాడు, మా చాల్ ఆడవాళ్ళు వండుతారు, కూలీల అడ్డా అయిన నాకాలో నిలబడినా పని దొరకనివాళ్ళు వచ్చి పైసా ఇవ్వకుండా తింటారు. ఇంకాస్త కావాలా అని ఎవరినీ అడగడు... చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉంటాడు. జనం దండాలు పెడుతుంటే నాకు మళ్ళీ ఒళ్ళు మంట.

"ఒక్క దినం గరిటె నాకియ్యరా" అని అడిగాను.

"నీకిస్తే సగం నీ కంచంలనే ఏస్కుంటవ్. పో, ఉల్లిగడ్డలు కొయ్యి!"

కోస్తున్నాను, ఏం చేస్తాం...

కానీ నా అసలు కుళ్ళు ఆ రోజుల మీద. ఇప్పుడు మా గ్యాలరీలో తలుపులన్నీ మూసే ఉంటాయి. ఎవరి అన్నం పొట్లం వాళ్ళకు మోటార్ సైకిల్ మీద వస్తుంది. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో గోడ అవతలివాడికే తెలియదు. ఆకలైనవాడు యాదయ్యను వెతుక్కుంటూ రావాలి... అప్పుడైతే వంతొచ్చిన ఇల్లే కేక వేసి పిలిచేది.

మీ వాడలో పక్కింటివాళ్ళు తిన్నారో లేదో కనుక్కునే అలవాటు ఇంకా ఉందా? ఉంటే కింద రాయండి... చదివి కుళ్ళుకుంటాను.