పెంట సుజాత ఇంటిపేరు

కొల్లాపూర్ దగ్గర మా హైస్కూల్‌ల ఇయ్యాల తొమ్మిదో తరగతికి ఒక కొత్త పిల్ల వచ్చింది. బెంచీల కింద చిత్తు కాగితాలు చూసి "ఏందిర గీ పెంట!" అని పిల్లలను అప్పుడే కోప్పడ్డ. తర్వాత హాజరు పట్టిక తెరిచి "పెంట సుజాత" అని పిలిచిన. క్లాసంత ఒక్కటే నవ్వు.

నాకు పానం చివుక్కుమన్నది. ఆ పిల్లను దగ్గరికి పిలిచి, "బిడ్డా, రేపటి సంది ఉత్త సుజాత అనే పిలుస్త తియ్," అన్న మెల్లగ.

"వద్దు టీచర్, మొత్తం పిలువుండ్రి," అన్నది అందరికీ ఇనవడేటట్టు. "మా ముత్తాతకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు పురిట్లనే పోయిండ్రట. గందుకే గాయన పుట్టంగనే వాళ్లమ్మ పెంటకుప్ప మీద పండవెట్టి, 'ఇది పనికిరాని పెంట, నాకొద్దు' అని మొత్తుకున్నదట. సావు గా మాట ఇని ఇటు దిక్కు చూడకుండ పోవాలని. గాయన తొంభై ఏండ్లు బతికిండు. గట్ల పెంటని పడ్డ గాయన పేరే మాకు ఇంటిపేరైంది."

నాకైతే గా తల్లే కండ్ల ముంగట నిలవడ్డది. పచ్చి బాలింత, కన్న కొడుకును పనికిరానోడని గట్టిగ మొత్తుకుంట, లోపల ఎంతమంది దేవుళ్లకు మొక్కుకున్నదో!

ఇరవై ఏండ్ల సంది తెలుగు చెప్తున్న. పెంటంటే ఇంత ప్రేమని ఏ నిఘంటువుల గూడ చదవలే. మీ ఇంటిపేరు ఎట్ల వచ్చిందో మీ ఇంట్ల ఎవరికన్న ఎరుకేనా? జర అడిగి చెప్పుండ్రి.