అబ్దిమోమున్ డాక్టరు అంచుదాకా పోసిన టీ

ఓష్ ఊళ్ళో తాగుడు మాన్పించే ఆసుపత్రి ఉంది. అక్కడి అబ్దిమోమున్ డాక్టరు స్టెతస్కోపు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి గాని, అనుమానం మరిచిపోయి వచ్చిన రోజు లేదు. ఫోనులో దగ్గు వినిపిస్తే చాలు, అవతలివాడు తాగింది కొట్టు వోడ్కానా, ఇంటి సారానా చెప్పేసేవాడు. ఒకసారి జైమా బజారులో ఎవరిదో గాడిదను కళ్ళు చిట్లించి చూశాడు. దాని యజమాని పరుగెత్తుకొచ్చి, తాగింది తానేననీ, గాడిదకేమీ తెలియదనీ ఒప్పేసుకున్నాడు. నేను ఆ పక్కనే పుచ్చకాయ బేరమాడుతున్నాను. గాడిద కూడా కాస్త తలదించుకుంది.

ఆయనకు చదువుకునే రోజుల్లో ఈ వైద్యం నేర్పిన పెద్ద డాక్టరు, రోగి నోటిని వదిలేసి చేతులు చూడమన్నాడట. దాన్నుంచి అబ్దిమోమున్ సొంతంగా ఒక పరీక్ష కనిపెట్టాడు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, పియాలా అనే పిడిలేని కప్పులో అంచుదాకా టీ పోసి చేతికిచ్చేవాడు. తొణికిందా, తాగుబోతు. తొణకలేదా, ఆరితేరిన తాగుబోతు. చాలామంది ఓ గుక్క తాగి, పనుందంటూ లేచిపోయేవారు.

"చూశావా, దొరికిపోతానని జారుకున్నాడు," అనేవాడు నర్సుతో. వాళ్ళు మళ్ళీ రాకపోవడం కూడా ఆయన దృష్టిలో రుజువే.

ఇలా సాగుతుండగా, ఆకులు రాలే రోజుల్లో రాజధాని నుంచి బురుల్చా అనే డాక్టరమ్మ దిగింది. వ్యసనాల వైద్యం చేసేవాళ్ళందరికీ కొత్త శిక్షణ అంది. వారమంతా తరగతి. చివర్లో ఒక్కొక్కరూ ఆమె ఎదుట నిజమైన రోగితో మాట్లాడాలి. రోగి మనసు విప్పితే యోగ్యతాపత్రం. లేకపోతే ఇక రోగుల్ని చూసే హక్కు ఉండదు. కింద కిటికీ దగ్గర కూర్చుని, డ్రైవర్ల కాగితాల మీద ముద్రలు కొట్టుకోవాలి. అబ్దిమోమున్ ఆ రోజునుంచీ ఆ కిటికీ వైపు చూడకుండా మెట్లెక్కేవాడు.

"రోగిని నిలదీయకండి," అంది బురుల్చా తరగతిలో. "వినండి. ఆయన చెప్పింది మీకెలా అర్థమైందో తిరిగి ఆయనకే చెప్పండి."

"అబద్ధం చెప్తేనో?" అన్నాడు అబ్దిమోమున్.

"ఎందుకు చెప్పాల్సొచ్చిందో వినండి."

"చెల్లెమ్మా, దొంగ మాట దొంగకే అప్పజెప్పి ఇంటికి పోతే, ఇక పోలీసులెందుకు?"

"మీరు పోలీసు కాదుగా, బైకే," అంది, అన్నను పిలిచే అక్కడి మాటతో.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పాతవాళ్ళను ఊడబెరకడానికి పైనుంచి ఎవరో ఈమెను పంపారని ఆయనకు గట్టి నమ్మకం.

పరీక్షనాడు ఆయన వంతుకు వచ్చిన రోగి శంషిదిన్. పెళ్ళిళ్ళలో పలావు వండే మనిషి. బురుల్చా ఓ మూల కూర్చుని వింటానంటే అతను ఒప్పుకున్నాడు గాని, వచ్చినప్పటినుంచీ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. ఆసుపత్రి పుస్తకంలో పేరెక్కిందని ఊళ్ళో పొక్కితే, అతన్ని ఏ పెళ్ళికీ పిలవరు. అబ్దిమోమున్ మాత్రం అతని గోళ్ళు చూస్తున్నాడు. వంటవాడికి ఇంత శుభ్రమైన గోళ్ళా? వీడు రోగి కాడు, తనను పట్టించడానికి వేషం కట్టి పంపిన మనిషి.

"నీళ్ళు తాగినట్టు తాగుతావా, టీ తాగినట్టు తాగుతావా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు మీకు తాగుతానని?"

"తాగకపోతే ఇక్కడికెందుకొచ్చావు, పెళ్ళికి పిలవడానికా?"

శంషిదిన్ మళ్ళీ తలుపు వంక చూశాడు. వీడి సంగతి ఇప్పుడే తేల్చేద్దామని అబ్దిమోమున్ కూజా తీసి, అంచుదాకా టీ పోసి ముందుపెట్టాడు. శంషిదిన్ పియాలాను చూశాడు. డాక్టరును చూశాడు. ముట్టుకోకుండానే గుండె మీద చెయ్యి పెట్టుకుని "రహ్మత్" అని కృతజ్ఞత చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా చెల్లెమ్మా! చెయ్యి వణుకుతుందని ముట్టుకోనే లేదు!"

బురుల్చా లేచొచ్చి పియాలాలోకి తొంగిచూసింది. "బైకే, మీ వియ్యంకుడు ఇంటికొస్తే టీ ఎంత పోస్తారు?"

"అదేం ప్రశ్న? అడుగున ఇంత. తాగగానే మళ్ళీ ఇంత. ఎంతసేపు పోస్తే అంత మర్యాద."

"అంచుదాకా పోస్తే?"

"ఇది తాగి ఇక దయచెయ్యమని. వాడు చెప్పులేసుకుని..." అబ్దిమోమున్ ఆగిపోయాడు. "అయినా వాడు రోగి. చుట్టం కాదు."

"ఆ సంగతి వాళ్ళకెప్పుడైనా చెప్పారా?"

అబ్దిమోమున్‌కు ఇన్నేళ్ళుగా పనుందని లేచిపోయినవాళ్ళ ముఖాలు వరసగా గుర్తొచ్చాయి. పట్టేశాననుకున్న ప్రతివాణ్ణీ తన చేత్తోనే గడప దాటించాడు.

"రేపు మధ్యాహ్నం నా ప్రయాణం," అంది బురుల్చా. "ఈలోగా ఆయన మీతో మాట్లాడితే సరే. లేకపోతే కిటికీ."

మర్నాడు పొద్దున్నే అబ్దిమోమున్ వాకబు చేసుకుంటూ, అక్-బూరా ఏటి ఒడ్డున ఒక పెళ్ళివారి పెరట్లోకి వెళ్ళాడు. శంషిదిన్ ఒక్కడే ఉన్నాడు. ముందు గుట్టగా పసుపుపచ్చ క్యారెట్లు.

"నా పేరు రాసుకోవడానికొచ్చారా?"

"కాదు."

"పెళ్ళివారి చెవిలో ఊదడానికా?"

"కాదు. నిన్న టీ తప్పుగా పోశాను. అది చెప్పడానికి."

శంషిదిన్ ఆయన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. "ఎవరు పంపారు మిమ్మల్ని?"

"నేనే వచ్చాను."

"చేతులూపుకుంటూ వచ్చినవాళ్ళను నేను నమ్మను," అంటూ కత్తి అందించాడు. "తరగండి."

అబ్దిమోమున్ తరిగాడు. శంషిదిన్ ఒక ముక్క పైకెత్తి చూశాడు. "ఇవి పలావులోకా, గుర్రానికా?"

"సన్నగా తరుగుతాను."

"తరగండి చూద్దాం."

ఎంత తాగుతావు, ఎప్పటినుంచి, ఎక్కడ దాస్తావు, పెళ్ళానికి తెలుసా... ప్రశ్నలు నాలుక చివరదాకా వస్తున్నాయి. వచ్చిన ప్రతి ప్రశ్నకూ ఆయన ఒక క్యారెట్టు తీసుకున్నాడు. గుట్ట సగమయ్యాక శంషిదిన్ పెద్ద బాణలి వైపు తిరిగి, దానితో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"మొదటి గ్లాసు పెళ్ళికూతురి తండ్రి ఇస్తాడు. వద్దంటే పెళ్ళికి అపశకునమంటాడు."

"వద్దనలేరు," అన్నాడు అబ్దిమోమున్, అంతే.

"రెండోది మాత్రం నేనే అడుగుతాను," అన్నాడు శంషిదిన్, ఇంకా బాణలి వంకే చూస్తూ.

ఆ తరవాత చాలాసేపు చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. ఊళ్ళో అన్నీ తెలిసిన నాకే తెలియలేదంటే ఇంకెవరికీ తెలిసి ఉండదు.

అబ్దిమోమున్ ఆసుపత్రికి వచ్చేసరికి బురుల్చా సంచులు కారులోకెక్కుతున్నాయి.

"మాట్లాడాడు," అన్నాడు రొప్పుతూ.

"ఏమన్నాడు?"

"అది ఆయన సంగతి."

బురుల్చా కళ్ళు చిన్నవయ్యాయి. "సాక్షి ఎవరు?"

"బాణలి."

"బైకే, బజారుకెళ్ళి వేళ్ళకు క్యారెట్టు రంగు పూసుకొచ్చి నాకు కథ చెప్తున్నారేమో, నాకేం తెలుసు? ఉండండి, ఆయనకే ఫోన్ చేస్తాను."

"చెయ్యి. చేస్తే, నేను ఇటొచ్చి నీకంతా చెప్పేశాననుకుంటాడు. ఇక ఈ ఆసుపత్రి ఛాయలకు రాడు." ఆయన చొక్కాకు చేతులు తుడుచుకున్నాడు. "దానికంటే నన్ను కిటికీ దగ్గరే కూర్చోబెట్టు, చెల్లెమ్మా."

ఆమె ఫోనులో శంషిదిన్ నంబరు దాకా వెళ్ళి వేలు ఆపింది. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె ఫోను జేబులో పెట్టి, కారు బానెట్ మీద కాగితం పరిచి, సంతకం చేసి ముద్ర వేసింది.

"నన్ను మోసం చేసి ఉంటే..." అంది.

"చేసి ఉంటే?"

"ఏమీ లేదు. వెళ్ళొస్తాను, బైకే."

కారు మలుపు తిరిగాక అబ్దిమోమున్ కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టి, ముద్ర అసలుదేనా అని వెనకా ముందూ చూశాడు. ఇంత తేలిగ్గా నమ్మిందంటే ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని తన గదికి వెళ్ళేసరికి, రోగి కుర్చీలో ఎవరో కొత్త మనిషి కూర్చుని, ఆయన వైపు అనుమానంగా చూస్తున్నాడు.