పనిముట్ల వరుసలో ఎక్స్‌పీ

మా ఆయన భూపతి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే రైతని చెబుతాను. పసుపు, మక్కజొన్న వేస్తాడు కాబట్టి అది అబద్ధం కాదు. కానీ పెర్కిట్‌లో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్లకు అసలు సంగతి తెలుసు. రోడ్డువైపు గదిలో, ఎండాకాలం విత్తనప్పసుపు, ఆ తర్వాత మక్కల బస్తాలు ఉండాల్సిన చోట, చచ్చిన కంప్యూటర్లు ఉంటాయి. కొందరు మగవాళ్లు తాగుతారు, కొందరు పేకాడతారు. నా ఖర్మకు ఈయన విండోస్ ఎక్స్‌పీకి ప్రాణం పోస్తాడు.

దాన్ని తయారుచేసిన వాళ్లే వదిలేసి ఏళ్లయింది. వాళ్లకు లేని ఫికరు ఈయనకుంది. నిజామాబాద్ పాత సామాన్ల కొట్లలో ముక్కలు ఏరుకొస్తాడు. ఏ దేశంలోనో తనలాంటి పనిలేనివాళ్లు రాసిపెట్టిన ఫైళ్లను ఫోన్‌లో దించి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాని నోట్లో పెడతాడు. అది గురక పెట్టి, ఆలోచించి, చివరికి లేస్తుంది. ఈలోపు నేను చాయ్ పెట్టి, తాగి, గ్లాసు కూడా కడిగేసుకోవచ్చు. లేచాక తెర మీద పచ్చగడ్డి గుట్ట, నీలం ఆకాశం. అది చూసి మురిసిపోతాడు. ఊరి చుట్టూ పచ్చటి పసుపు చేలే. వాటిలో కలుపు తీయడానికి రమ్మంటే మాత్రం నడుం నొప్పి.

"చూడు విజయా, ఎంత మంచిగ నడుస్తున్నదో," అంటాడు.

"నడుస్తే బయటికి నడువుమను. బస్తాలు పెట్టుకుంట," అంటాను.

ఎన్ని మాటలన్నా ఆయనకు నా మీద కోపం రాదు. నా మెప్పు ఆయనకు అక్కర్లేదు. కావలసింది వాళ్లమ్మ దగ్గర, అంటే మా అత్త చిన్నవ్వ దగ్గరుంది. ఏటా దసరాకు అత్త ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వాకిట్లో వరుసగా పెట్టి పూజ చేస్తుంది. కొడవళ్లు, పారలు, నాగలి కర్రు, మందు కొట్టే పంపు, ట్రాక్టరు. నా మిక్సీకి కూడా పసుపు కుంకుమ దక్కుతుంది. ఆ పొద్దున ఈయన తన ముద్దుల ఎక్స్‌పీ డబ్బాను గుడ్డతో తుడిచి, గడప దాకా తెచ్చుకుని నిలబడతాడు. అత్త దాన్ని దాటుకుని పోతుంది.

"అవ్వా, గిది గూడ పనిముట్టే," అంటాడు.

"అన్నం పెట్టేదానికే బొట్టు, బిడ్డా. గిది ఏం పెట్టింది?"

నలభై దాటిన మనిషి, పిల్లాడిలా ముఖం వేలాడేసుకుని డబ్బాను మళ్లీ లోపలికి మోసుకుపోతాడు. నేను హాయిగా నవ్వుకునేదాన్ని.

ఈసారి దసరాకు ముందు మా మక్కల ట్రాలీ ఆర్మూర్‌లో సాయిప్రసాద్ కాంటా దగ్గర ఆగిపోయింది. ట్రాక్టర్లు, లారీలు తూచే కాంటా అది. దానికి తగిలించిన పాత కంప్యూటరు ఆ పొద్దున్నే పాడైంది. సాయిప్రసాద్ కొత్తది కొనుక్కొస్తే, కాంటా ప్రోగ్రాం అందులో ఎక్కనంది. వెనక బండ్ల వరుస, పైన మబ్బు. ట్రాలీ మీద మక్కల పక్కన కొంగు నెత్తిన కప్పుకుని మా అత్త.

"మా ఇంట్ల ఒకటున్నది," అన్నాడు ఈయన. పెళ్లినాడు కూడా ఆ ముఖం అంత వెలగలేదు. డబ్బాను ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. మా పిల్లల్ని కూడా ఏనాడూ అంత భద్రంగా తేలేదు. పాత డిస్కులోని ప్రోగ్రాం దాంట్లో ఎక్కించాడు. కాంటా కదిలింది, వాన పడకముందే మా మక్కలు మార్కెట్ యార్డు షెడ్డులోకి చేరాయి. సాయిప్రసాద్ తర్వాత కొత్త ప్రోగ్రాం తెప్పించుకుని డబ్బా వాపసు పంపేశాడు. ఈయన మాత్రం మార్కెట్ మొత్తాన్ని తన భుజాన మోసినట్టు తిరిగాడు.

దసరా పొద్దున ఈయన బంతిపూలకు పోయాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన వచ్చిన చప్పుడుకు బయటికి వచ్చి చూస్తే వాకిట్లో కొడవళ్లు, పారలు, కర్రు, మిక్సీ, మిక్సీ పక్కన ఎక్స్‌పీ డబ్బా. వరుసలో అన్నింటిలాగే అత్త దాన్నీ కడిగింది. బిందెడు నీళ్లు పోసి, పీచుతో రుద్ది కడిగింది. గాలి సందుల్లోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. మూత, పక్క రేకు కలిసేచోట అరచెయ్యంత పసుపు, దాని మీద కుంకుమ.

"లోపట గూడ మస్తు దుమ్ముండె, బిడ్డా. పోయేదాంక నీళ్లు గొట్టిన," అంది అత్త. "మన మక్కలు తడువకుండ జేసింది. దీనికి బొట్టు వెట్టకుంటే ఎట్ల?"

నాకు నవ్వు పొంగుకొచ్చింది. ఇన్ని నీళ్లు తాగాక అది ఇక లేవదు, నా గది నాకు వచ్చేసిందనే అనుకున్నాను. అప్పుడు ఆయన ముఖం చూశాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నవ్వుతున్నాడు. నా నవ్వు ఎటుపోయిందో తెలియలేదు. పూల సంచీలోంచి ఒక బంతిపువ్వు తీసి డబ్బా మీద పెట్టాడు.

"ఒకపారి నడిపియ్యి, చూస్త," అంది అత్త.

"ఇయ్యాల పనిముట్లను ముట్టొద్దు గదనే అవ్వా. దానికి గూడ పండుగే."

పూజ చేసిన రోజు కొడవలి కూడా పట్టనివ్వని మనిషి మా అత్త. సంతోషంగా ఒప్పుకుంది.

మర్నాడు నేనే అన్నాను, "ఎండ మంచిగున్నది. విప్పి ఆరబెట్టు" అని. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. స్క్రూడ్రైవర్ తెచ్చుకుని దాని ముందు కూర్చున్నాడు. మూత అంచు వెంట వేలు పోనిచ్చి బొట్టు దగ్గర ఆపాడు. మూత తీస్తే బొట్టు రెండు ముక్కలవుతుంది.

"ఉండనియ్యి," అని లేచిపోయాడు.

ఎక్కడెక్కడి చచ్చిన కంప్యూటర్లనో లేపే మనిషి, ఆ ఒక్కదాన్ని ముట్టడు. అత్త రోజూ ఆ గది ముందు ఆగుతుంది.

"నడుస్తున్నదా, బిడ్డా?"

"మస్తు నడుస్తున్నదే, అవ్వా."

ఇదివరకు దాన్ని తిట్టుకునే భాగ్యమైనా ఉండేది. ఇప్పుడు బొట్టు పెట్టించుకుని దర్జాగా కూర్చుంది, అమ్మగా మిగిలిన నా మక్కల బస్తాలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. నిన్న ఆ గది ఊడుస్తూ డబ్బా మీద దుమ్ము కూడా తుడిచాను. బొట్టు చుట్టూ మాత్రమే తుడిచాను.