పద్నాలుగో గది కప్పు

"...అయితే ఆ మోటారు సైకిలు ఎవడిదో చెప్పు! మా ఆయనకి మామూలు సైకిలు తొక్కడమే రాదు. మోటారు సైకిలు మీంచి పడ్డాడట!"

"అరవకమ్మా షమ్షాద్. అలా రాయిస్తేనే పట్నం ఆసుపత్రిలో మంచం దొరికింది."

"రాయించింది ఎవరు? నువ్వే కదా సనావుల్లా భాయీ!"

"నేను రాయించకపోతే నీ మొగుడు ఈపాటికి వరండాలో ఈగలు తోలుకుంటూ ఉండేవాడు."

"ఓహో! నడుము విరిగినవాడికి చేతులు మిగిల్చారని నీకు సలాం కొట్టాలా?"

ఉప్పు గని దవాఖానా మెట్ల మీద కూర్చున్న ఖుదాదాద్ ఈ మాటలు విని తల వంచుకున్నాడు. షమ్షాద్ భర్త తాజమ్ముల్ మంగళవారం పొద్దున గని లోపల, పద్నాలుగో గదిలో, కప్పు నుంచి విరిగిన ఉప్పు పలక కింద పడ్డాడు. కాంట్రాక్టరు మేస్త్రీ సనావుల్లా అతన్ని మంచం మీద బయటికి మోయించి, గేటు దాటించి, రోడ్డు పక్కన దింపించాడు. ఆ తరవాతే అంబులెన్స్ కోసం పట్నానికి కబురు వెళ్లింది.

మా ఉప్పు కొండల్లో గని లోపల ఎవరికీ దెబ్బ తగలదు. ఇక్కడి ఆచారం అది. నిరుడు ఒకతను తన ఇంటి మిద్దె మీంచి పడ్డాడని రాశారు. అతనిది రేకుల ఇల్లు. అంతకు ముందు ఒకతన్ని గాడిద తన్నిందన్నారు. వాళ్లకు గాడిద లేదు. ఇంకొకతను గుండె ఆగి పోయాడట. తల మీద పగులు ఎలా వచ్చిందో ఎవరూ రాయలేదు. ప్రమాదం బయట జరిగితే గది మూయక్కర్లేదు, పని ఆపక్కర్లేదు. ఆ మూడు కాగితాల్లో రెండింటి మీద సాక్షి పెద్దమనిషిగా వేలిముద్ర వేసింది ఖుదాదాదే.

కప్పు చూసే పని ముప్పై ఏళ్లుగా ఆయనది. అందరికంటే ముందు లోపలికి వెళ్లి, పొడుగాటి గునపంతో కప్పును గది పొడుగునా తట్టుకుంటూ పోతాడు. కుండ కొనేవాళ్లు వేలితో మీటి చూస్తారే, అలాగన్నమాట. కంగుమంటే గట్టి. మొద్దుగా పలికితే డొల్ల. డొల్ల దొరికిన చోట దీపం మసితో గోడ మీద అడ్డగీతలు గీస్తాడు. ఆ గుర్తు కింద పని మాట అటుంచి, రొట్టె తినడానికి కూడా ఎవరూ కూర్చోరు. ఆయన బయటికొచ్చి "బిస్మిల్లా" అంటేనే మిగతావాళ్లు పారలు అందుకుంటారు. ఇంట్లో ఆయన కూరలో ఉప్పు తగ్గిందని ఎన్నడూ అనలేదు. గని మనిషి ఆ మాట అంటే ఆడవాళ్లు నవ్వుతారు.

ఆరేళ్ల కిందట పేలకుండా ఆగిపోయిన పేలుడు మందు ఒకటి, ఆయన పక్కన ఉండగా పేలింది. ఎడమ చెవి పోయింది. భార్య నెల రోజులు ఆవనూనె వెచ్చబెట్టి పోసింది. ఫలితం లేకపోయాక ఇద్దరూ నోరు మూసుకున్నారు. చెవిటివాడికి కప్పు ఎవరప్పగిస్తారు? అప్పటి నుంచి ఆయన కుడి చెవి పైకెత్తి తట్టేవాడు. చూసినవాళ్లు వయసు మీద పడిందనుకున్నారు.

ఆగస్టులో ఉప్పుకు చెమట పడుతుంది. బయట వానలు, లోపల గోడలు జిడ్డుగా తడుస్తాయి. గట్టి కప్పు కూడా కాస్త మొద్దుగానే మోగుతుంది. ఆ తేడా తీసేసి వినడం ఈ పనిలో కష్టమైన భాగం. దాన్ని సనావుల్లాకు నేర్పింది కూడా ఖుదాదాదే.

మంగళవారం పద్నాలుగో గది మొద్దుగా పలికింది. ఆయన గుర్తు గీశాడు. వెనకే సనావుల్లా వచ్చాడు.

"చాచా, ఇది వానాకాలం మోత. నువ్వే కదా చెప్పావు?"

"ఇది వేరేలా ఉంది."

"ఎలా వేరే? నాకు నిన్నటిలాగే ఉంది. పైన లారీలు సరుకు కోసం నిలబడి ఉన్నాయి. ఇంకోసారి కొట్టి చూడు."

ఆయన మళ్లీ కొట్టాడు. అదే శబ్దం. కానీ ఈసారి ఆయనకు కప్పు మీద కాదు, తన చెవి మీద అనుమానం వచ్చింది. "వానాకాలం మోతేనేమో" అని, చొక్కా చేతితో మసి గుర్తు తుడిచేశాడు. పది గంటలకు పలక విరిగింది.

ఇప్పుడు సనావుల్లా షమ్షాద్‌ను వదిలేసి, ఖుదాదాద్‌ను తన ఆఫీసు గదిలోకి పిలిచాడు. షమ్షాద్ కూడా వెంట వచ్చి గడప దగ్గర నిలబడింది. బల్ల మీద కాగితం, సిరా డబ్బా సిద్ధంగా ఉన్నాయి.

"శనివారం గనుల ఇన్స్పెక్టర్ వస్తున్నాడు చాచా. తాజమ్ముల్ రోడ్డు మీద పడ్డప్పుడు నువ్వు చూశావు. అంతే."

"పద్నాలుగో గది?"

"దానికేం? రేపు తెరుస్తాం. ఎనిమిది మందిని పెడుతున్నా."

"ఆ కప్పు కిందా?"

"నువ్వు పొద్దున్నే తట్టి బిస్మిల్లా అంటావు. ఎప్పుడూ చేసే పనే కదా."

"వేలు వెయ్యకు చాచా," అంది షమ్షాద్. "వేశావంటే ఇక మా గుమ్మం ముందు నుంచి నడవకు."

సనావుల్లా ఆమె వైపు చూడలేదు. గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు వినడానికి ఖుదాదాద్ కుడి చెవి అటు తిప్పాల్సి వచ్చింది. సనావుల్లా నవ్వాడు.

"చూశావా? నాకు రెండేళ్ల నుంచీ తెలుసు. లోపల జరిగిందని నువ్వంటే మొదటి ప్రశ్న కప్పు చూసిందెవరని. రెండోది, ఆ చూసినవాడికి ఎన్ని చెవులని. అమాయకుడి నడుము విరగ్గొట్టిన చెవిటి ముసలాడు అంటారు నిన్ను. నేననను. ఊరంటుంది."

షమ్షాద్ ముఖం మారింది. "నిజమా చాచా? నీకు వినపడదా?"

ఖుదాదాద్ సిరా డబ్బాను తన వైపు లాక్కున్నాడు. తరవాత దాని మూత బిగించాడు.

"ఒక చెవి లేదమ్మా. ఉన్న చెవి మంగళవారం సరిగ్గానే విన్నది. గుర్తు గీశాను. వీడు లారీలన్నాడు, నేను తుడిచాను. నీ మొగుడు ఆ తుడిచిన చోటే పడ్డాడు."

"మతి పోయిందా చాచా? రేపటి నుంచి నీకు పని ఉండదు!"

"అలాగే బేటా. శనివారం ఆయనొస్తే ఈ మాటే చెప్తాను, చెవి సంగతితో సహా. ముందు వేసిన రెండు వేలిముద్రల సంగతి కూడా చెప్తాను. రేపు పొద్దున మాత్రం పద్నాలుగో గది వాకిట్లో కూర్చుంటాను. ఆ ఎనిమిది మందీ నన్ను దాటి పోవాలి."