గోడ తట్టే మనిషి

మా అన్న నన్ను నలుగురిలో ‘లైబ్రరీ డాక్టరు’ అని వెక్కిరించేవాడు. తమిళనాడులో మా ఊరు గుడియాత్తం లైబ్రరీలో కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేను తెలుగు చదవడం నేర్చుకున్నాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఇంకెవరికీ ఆ లిపి రాదు. అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చాక దాని గురించి అక్కడ దొరికినవన్నీ చదివాను. పేర్లు పోతాయి, ముఖాలు పోతాయి. పక్కన ఒక మనిషి వెచ్చదనం కావాలన్న కోరిక మాత్రం పోదు.

అమ్మను వేలూరు దాటి అణైకట్ రోడ్డులో ఉన్న వృద్ధుల హోములో చేర్చాం. పోయిన మా నాన్న మేస్త్రీ, ఇప్పుడు అన్నదీ అదే పని. నాన్న ఏ ఇంటికి వెళ్ళినా వేలి కణుపులతో గోడ తట్టి, పూత లోపల బోలుగా ఉందేమో వినేవాడు. హోములో ఆంబూరు తోలు ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. భార్య లేదు, మతీ నిలవదు. నడుస్తూ ఊరికే గోడ తట్టడం ఆయన అలవాటు. ఆ చప్పుడు విని అమ్మ ఆయనే తన మొగుడని తేల్చుకుంది. ఆయనది తమిళం, అమ్మది తెలుగు. అది వాళ్ళకు అడ్డు కాలేదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఒకే దుప్పటి కింద కనిపించారు. హోములో పనిచేసే ఆయమ్మ నాకూ అన్నకూ చెప్పింది.

“మీయమ్మే ఆయప్ప చొక్కా గుండీలు ఇప్పి, గుండె మీద చెయ్యేసుకోని పండుకోనుండాది. లెయ్యమంటే నన్నే తిట్టింది. ‘మా ఆయన పక్కన పండుకుంటే నీకేమే’ అనింది.”

నేను నవ్వాను. అన్న నవ్వలేదు.

“ముండమోసినామెకి ఇదేం బుద్ధి. ఊర్లో మొకం యాడ పెట్టుకునేది?”

“మొగుడే అనుకుంటా ఉండాది కదన్నా. ఆమె లెక్కలో తప్పేముండాది?”

“నోరు ముయ్ మే, లైబ్రరీ డాక్టరు.”

ఆడవాళ్ళ వైపు తలుపుకు బయట గడియ పెట్టించి వెళ్ళిపోయాడు. అమ్మ తిండి మానేసింది. గోడను తట్టి, చెవి ఆనించి, జవాబు కోసం కూర్చునేది. కణుపుల మీద తోలు లేచిపోయింది. ఆ చేతికి మందు రాస్తూ అనుకున్నాను, దీనికి అన్నను ఊరికే వదలనని.

పెద్దాయన కూతురిని వెతికి పట్టుకున్నాను. ఆయనా సరిగా తినడం లేదట. ఇద్దరం వార్డెన్ ఎదుట కూర్చుని, గడియ తీయించేదాకా లేవలేదు.

“మీ అన్న వస్తే నేనేం చెప్పేదమ్మా?”

“నా పేరు చెప్పండి.”

అన్న వచ్చిన రోజు అమ్మ వరండాలో పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. తల్లో మల్లెపూలు, నేను పెట్టినవే. మామూలుగా అన్న వస్తుంటే ముందే అమ్మ చెవిలో చెప్పేదాన్ని: “అమ్మా, పెద్దోడు వచ్చినాడు.” అప్పుడు అమ్మ వాడి చెంప నిమిరేది. ఎంత కోపిష్టయినా అన్న ఆ నిమురుడు కోసమే వస్తాడు. అది నాకు తెలుసు.

ఆ రోజు చెప్పలేదు.

అమ్మ అన్న చెప్పులకంటిన సిమెంటు చూసి పెద్దాయన వైపు తిరిగింది. “ఇదో సూడయ్యా, ఆ పనోడు వచ్చినాడు. ఈడు పూసిందంతా బోలు. పెరికి మళ్ళా పుయ్యమను.”

పెద్దాయన వెనక గోడ తట్టి, “ఆమా” అని అవునన్నట్టు తలూపాడు.

అన్న నా వైపు చూశాడు. “చెప్పు మే. నేనెవురో చెప్పు.”

నేను అమ్మ తల్లో పూలు సర్దాను. అన్న ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు. నేను ఇంకా చెప్పలేదు.